నల్ల బొబ్బర్లూ, క్యాంపు గుడ్డూ

2023 చలికాలం. బహ్రెయిన్‌లో బుదయ్య రోడ్డు పక్కన, ఖర్జూరపు తోటల మధ్య ఒక చిన్న ప్రయోగ క్షేత్రం. రెండు గ్రీన్‌హౌస్‌లు, వాటి వెనక ఆరుబయట కొన్ని మళ్ళు, ఓ మూల రేకుల షెడ్డులో నా లాబ్. బొబ్బర్లలో ప్రొటీన్ పెంచడం అక్కడ నా పని. ఆ మాట చెప్పగానే ఎవరైనా సరే "ఏం ఎరువు వేస్తారండీ?" అని అడుగుతారు. ఎరువుతో అయ్యే పని కాదు మహాప్రభో అని ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఇది మొక్కలకు సంబంధాలు కుదిర్చే ఉద్యోగం.

సాయంత్రం పూట ఒక మొక్క మొగ్గ విప్పి, అందులోని పుప్పొడి తిత్తులు పట్టకారుతో తీసేయాలి. మర్నాడు పొద్దున్నే ఇంకో రకం మొక్క పుప్పొడి తెచ్చి దానికి అంటించాలి. దీన్ని క్రాస్ అంటాం. అలా పుట్టిన గింజలు వేసి, వచ్చిన మొక్కల్లో మంచివి ఏరి, వాటి గింజలు మళ్ళీ వేసి, మళ్ళీ ఏరుకుంటూ పోతే, చివరికి ఏ గింజ వేసినా ఒకేలాంటి మొక్క వచ్చే కుటుంబం మిగులుతుంది. దానికి లైన్ అని పేరు. ఈలోపు ఏళ్ళు గడిచిపోతాయి. ఓపిక లేనివాళ్ళు ఈ వృత్తిలోకి రాకూడదంటారు. నాకూ ఓపిక అంతంత మాత్రమే, అయినా వచ్చిపడ్డాను.

నా లైన్లలో ఒకటి ఆ ఏడు కూలీల అన్నం డబ్బాలో ఉండే గుడ్డుకు ఎసరు పెట్టబోయింది. ఆ సంగతే చెప్తాను.

క్షేత్రం యూసఫ్‌ది. నలభై దాటిన బహ్రెయినీ, మర్యాదస్తుడు. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ పడ్డ యజమాని. ఆయన అసలు వ్యాపారం కేటరింగ్. నిర్మాణ పనివాళ్ళుండే క్యాంపులకు మూడు పూటలా భోజనం ఆయన వంటశాలల నుంచే వెళ్తుంది. ఆ పనివాళ్ళలో మన ఉత్తర తెలంగాణ వాళ్ళు చాలామంది. పప్పుధాన్యాలన్నీ ఓడలో రావలసిందే గనక, ఇక్కడి ఉప్పునీళ్ళకు తట్టుకుని, మామూలు దానికన్నా ఎక్కువ ప్రొటీన్ ఇచ్చే బొబ్బర రకం ఒకటి తన సొంతంగా ఉంటే బాగుంటుందని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. నన్ను దక్తూరా అని పిలుస్తాడు. నాకు డాక్టరేట్ లేదని మొదట్లో రెండు మూడుసార్లు చెప్పి, ఇక ఊరుకున్నాను.

నేను తెనాలి వైపు దాన్ని. మా ఆయన ఈసా టౌన్‌లో బడిపంతులు, ఫిజిక్స్ చెప్తాడు. ఇంట్లో ఇద్దరమే. నా లైన్ల నంబర్లు ఆయనకు కంఠతా వచ్చేశాయి, పాపం, వినీ వినీ.

నలభై ఏడో నంబరు లైన్ తల్లి ఒక నాటు రకం. చిన్న నల్ల గింజ, ఉప్పునీళ్ళు పోసినా నిక్షేపంగా కాసేది. తండ్రి ప్రొటీన్ ఎక్కువున్న ఒక సుకుమారపు రకం, కొంచెం ఎండ తగిలితే పూత రాల్చేసేది. వీళ్ళ సంతానంలో నలభై ఏడుకు తల్లి మొండితనం, తండ్రి గుణం రెండూ వచ్చినట్టు ఆ చలికాలమే తేలింది. మొదట ఎన్‌ఐఆర్ యంత్రంలో పెట్టాను. గింజల మీద ఒక రకం కాంతి వేసి, తిరిగొచ్చే దాన్ని బట్టి ప్రొటీన్ అంచనా కట్టే యంత్రం అది. అంకె చూసి నమ్మలేదు. ఉప్పునీళ్ళల్లో పెరిగిన మొక్క గింజ సరిగ్గా నిండకపోతే పిండి పదార్థం తగ్గి, ప్రొటీన్ శాతం ఉత్తుత్తినే పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ మోసం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. గింజలు చేతిలో పోసుకుని చూశాను. ఒక్కటీ ముడుచుకోలేదు, నున్నగా, నిండుగా ఉన్నాయి. కెల్డాల్ పరీక్షకు పంపాను. అంటే పిండిని ఆమ్లంలో మరిగించి, అందులోని నైట్రోజన్ కొలిచి, దాన్నుంచి ప్రొటీన్ లెక్కగట్టే పద్ధతి. అదీ అదే మాట చెప్పింది. మామూలు బొబ్బర్ల కన్నా నూటికి నాలుగైదు పాళ్ళు ఎక్కువ.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. షెడ్డులో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను. మా ఆయనకు ఫోన్ చేస్తే, "నలభై ఏడేనా? నేను ముప్పై ఒకటి మీద ఆశ పెట్టుకున్నానే" అన్నాడు. ఇలాంటి మనిషితో కాపురం.

కొత్త లైన్‌ను ఎవరో ఒకరు తిని చూడాలి. పండడం వేరు, తినడం వేరు. యూసఫ్ ఒక క్యాంపు వంటశాలకు ఒక పూటకు సరిపడా గింజలు పంపించమన్నాడు. తూబ్లీ దగ్గరి క్యాంపు అది. అక్కడి వంటమేస్త్రి గంగారాం, జగిత్యాల వైపు మనిషి. మధ్యాహ్నం డబ్బాలో కూరగా పెట్టి, పళ్ళాల్లో ఎంత మిగిలిందో రాసి పంపాలని చెప్పి పంపించారు. రెండు రోజుల తర్వాత యూసఫ్ ఆఫీసు నుంచి కబురు: ఒక్క గింజ మిగల్లేదు, పళ్ళాలు నాకేశారు.

ఆ వారమే యూసఫ్ నన్ను అద్లియాలో ఒక కాఫీ హోటల్‌కు రమ్మన్నాడు. ఆయన ముఖ్యమైన సంగతులన్నీ అక్కడే మాట్లాడతాడు. నాకు ఖావా తెప్పించి, మొహం వెలిగిపోతుండగా తన పథకం చెప్పాడు. ఆ క్యాంపు భోజనం తాలూకు ఒప్పందంలో, డబ్బాలో ఫలానా అంత ప్రొటీన్ ఉండాలని షరతు ఉంది. దానికోసమే రోజు విడిచి రోజు ఉడికించిన గుడ్డు పెడుతున్నారు. నలభై ఏడు ఒక గరిటె పెడితే ఆ ప్రొటీన్ వచ్చేస్తుంది. కాబట్టి గుడ్డు తీసేస్తే సరి. నిర్మాణ కంపెనీ వాళ్ళకు చూపించడానికి, ఈ బొబ్బర్లు గుడ్డుకు సమానమని నేనొక కాగితం మీద సంతకం చేయాలి. చేస్తే వచ్చే సీజన్‌కు ఇంకో గ్రీన్‌హౌస్ వేయిస్తాడు. చేయకపోతే, బొబ్బర్ల మీద ఇన్నేళ్ళు పెట్టిన ఖర్చుకు అర్థం లేదు గనక, ఉన్న రెండూ దోసకాయల వాళ్ళకు అద్దెకిస్తాడు. బెదిరింపులా చెప్పలేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు.

గుడ్డులోది వేరు, గింజలోది వేరు, రెండూ ఒకటి కావని ఏదో అనబోయాను. ఆయన నవ్వుతూ అడ్డుకున్నాడు.

"మీరు గుడ్డు తినరు కదా దక్తూరా. మీకేమైంది? బాగానే ఉన్నారుగా?"

నిజమే, మాది శాకాహారం ఇల్లు. పుట్టి బుద్ధెరిగి గుడ్డు తిన్నదాన్ని కాదు. కొంచెం గడువు కావాలన్నాను. ఆయన ఇచ్చాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. భోజనాల దగ్గర నా కంచం చూసుకున్నాను. పప్పు, పప్పు మీద నెయ్యి, చివర్న గడ్డపెరుగు. పొద్దుట్నుంచి పాలు పోసిన కాఫీ ఎన్నిసార్లు తాగానో లెక్కలేదు. ఏసీ గదిలో కూర్చుని, ఆకలేసినప్పుడు తిని, అరగకపోతే ఓ కునుకు తీసే మనిషిని. నన్ను నమూనాగా తీసుకుని నిర్మాణ పనివాడికి భోజనం కొలిస్తే ఎలా? మా ఆయనతో అంటే, "మరి ఆ మాట అక్కడే అనొచ్చుగా" అన్నాడు. అనొచ్చు. తోచాలి కదా.

మర్నాడు ఆ బొబ్బర్ల మీద నేనెలాగూ చేయించవలసిన ఇంకో పరీక్షకు నమూనా పంపేశాను. డైజెస్టిబిలిటీ పరీక్ష. కడుపులో జరిగే పనిని గాజు గొట్టంలో జరిపించి, ఉన్న ప్రొటీన్‌లో ఒంటికి పట్టేది ఎంతో చూస్తారు. కెల్డాల్‌కు నైట్రోజన్ ఉందా లేదా అన్నదే తెలుసు, అది అరుగుతుందా లేదా అన్నది దానికి పట్టదు. నల్ల పొట్టు గింజల్లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. అది ప్రొటీన్‌ను పట్టుకుని ఒక పట్టాన వదలదు. తల్లి నుంచి వచ్చిన ఆ నలుపు మీద నాకు మొదట్నుంచీ ఒక కన్నుంది.

పరీక్ష ఫలితం వచ్చేలోపు క్యాంపుకు వెళ్ళాను. పళ్ళాలు నాకేశారన్న మాట నాకు మింగుడు పడలేదు. వగరు గింజల కూర అంత ఇష్టంగా ఎవరు తింటారు?

గంగారాం యాభై ఏళ్ళ మనిషి, మాట నెమ్మది. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, నా ఎదురుగా నిలబడ్డాడు. కూర ఎలా చేశావని అడిగాను.

"కూర జెయ్యలె మేడం. సామాన్ బేస్తారం మాపటికి వచ్చింది. తెల్లారితె శుక్రారం, పోరలకు డ్యూటీ లేదు. శుక్రారం పూట బొబ్బర్లు కండ్ల వడ్డంక కూర ఎవలు జేస్తరు? గుడాలు జేసిన."

గుడాలంటే మా వైపు గుగ్గిళ్ళు. గింజలు ఉడికించి, పోపు పెట్టి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తరిగి కలిపి, నిమ్మకాయ పిండి సాయంత్రం పూట తినేవి. రాత్రంతా నానబెట్టాడట. నీళ్ళు నల్లగా దిగితే పారబోశాడు. ఉడికించాక మళ్ళీ నల్లబడితే అవీ పారబోశాడు. వగరు సగం అక్కడే పోయింది. సెలవు రోజు, స్నానాలు చేసి, లుంగీలు కట్టుకుని, ఊరి కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు. ఇంటి దగ్గర తిన్న రుచి గుర్తొచ్చిందని ఒకతను రెండోసారి పెట్టించుకున్నాడట. ఇక పళ్ళాల్లో ఏం మిగులుతుంది? గంగారాం చెప్పినవేవీ అబద్ధం కాదు. మిగిలిందెంత అని అడిగారు, ఏమీ మిగల్లేదని రాయించాడు. ఏం వండావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆఫీసులో మలయాళీ గుమాస్తాకు గుడాలకూ కూరకూ తేడా ఎక్కడ తెలుస్తుంది?

నా దగ్గర మిగిలిన గింజలు ఇచ్చి, ఈసారి మామూలు పనిరోజున, మామూలు కూరలాగే, గుడ్డు లేకుండా డబ్బాలో పెట్టమన్నాను. క్యాంపు లెక్కన డబ్బాలు తెల్లవారక ముందే కట్టేస్తారు. వాటిని పనివాళ్ళు బస్సులో తమతో తీసుకెళ్ళి మధ్యాహ్నం సైటు మీద తింటారు. అక్కడ వేడి చేసుకునే వీలుండదు. అంతమందికి తెల్లవారుజామున వండాలంటే గంగారాం రెండుసార్లు నీళ్ళు వంపుతూ కూర్చోలేడు. ఆ రోజు తిరిగొచ్చిన డబ్బాలు నేనే మూతలు తీసి చూశాను. అన్నం లేదు, చారు లేదు. బొబ్బర్లు మాత్రం సగానికి సగం డబ్బాల్లో గట్టిగా, చల్లగా, నల్లగా పడున్నాయి.

డబ్బాలు తిరిగిచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటే రాజేశం పరిచయమయ్యాడు. సెంటరింగ్ పని, అంటే పైన స్లాబు పోయడానికి కింద చెక్కలూ గొట్టాలూ బిగించడం. ముప్పై ఏళ్ళుంటాయి. బొబ్బర్లు ఎందుకు వదిలేశారు, బాగాలేవా అని అడిగాను. బాగానే ఉన్నాయన్నాడు మర్యాదకు. మళ్ళీ అడిగాను.

"మేడం, గవి తింటె కడుపుబ్బుతది. గాలి వడ్తది. గట్ల కడుపు వట్టుకోని పైకెక్కి గొట్టాలు ఎట్ల బిగియ్యాలె? కాలు జారితె ఖలాస్. గుడ్డయితె గుటుక్కున మింగి ఎక్కుతం."

అప్పుడు గంగారాం వెనకనుంచి మెల్లిగా, గుడ్డు తీసేస్తారా మేడం అని అడిగాడు. రాజేశం అప్పటికే వెళ్ళిపోయాడు. చూద్దామన్నాను. అది నా చేతిలో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఒక పక్క నలభై ఏడు. దాన్ని మొగ్గ నుంచి పెంచాను. ఇంకో పక్క ఈ మనుషుల గుడ్డు. రెంటిలో ఒకటే నిలుస్తుంది. నాకు ఏడుపు రాలేదు గాని, విసుగొచ్చింది. ఎవరి మీదో తెలియని విసుగు.

డైజెస్టిబిలిటీ ఫలితం వచ్చింది. అనుకున్నంతా అయింది. పైకి కనిపించిన ఆ నాలుగైదు పాళ్ళ లాభం కడుపు దగ్గరికి వచ్చేసరికి మిగల్లేదు. మామూలు తెల్ల బొబ్బర్ల ప్రొటీన్ ఎంత ఒంటబడుతుందో నలభై ఏడుదీ ఇంచుమించు అంతే.

యూసఫ్ ఈసారి క్షేత్రానికే వచ్చాడు. షెడ్డులో కూర్చోబెట్టి రెండు ఫలితాలూ ముందు పెట్టాను, క్యాంపు డబ్బాల సంగతీ చెప్పాను. ఈ గింజలో ఇంత ప్రొటీన్ ఉందని రాసి సంతకం చేస్తాను, అది గుడ్డుకు సమానమని మాత్రం రాయనని చెప్పాను. ఆయన మొదటి కాగితాన్ని ఎత్తి చూపించి, ఒప్పందంలో అడిగింది ఇదే కదా, అరుగుదల సంగతి అందులో ఎక్కడా లేదు కదా అన్నాడు. లేదు. ఒప్పందం రాసినవాళ్ళకు ఆ పరీక్ష ఒకటుందనే తెలియదు. పనివాళ్ళు మొదటిసారి ఇష్టంగా తిన్నారు కదా అన్నాడు.

యూసఫ్ ఇంటికి నేను రెండు మూడుసార్లు వెళ్ళాను. సాయంత్రాలు వాళ్ళ మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో, బాజిల్లా పెడతారు. పెద్ద చిక్కుడు గింజలు ఉడికించి, ఉప్పూకారం చల్లి, గిన్నెల్లో పోసి ఇస్తారు. అందరూ పొట్టు ఒలుచుకుంటూ, మాట్లాడుకుంటూ గిన్నె ఖాళీ చేస్తారు. నాకు ఆ సంగతి అప్పుడు తట్టింది.

"వాళ్ళు తిన్నది బాజిల్లా యూసఫ్. వాళ్ళ బాజిల్లా. సెలవు పూట కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు. మీ అమ్మగారు ఎప్పుడైనా మధ్యాహ్నం బాజిల్లా గిన్నె ముందు పెట్టి, ఇవాళ చేప లేదు, ఇదే భోజనం అన్నారా?"

ఆయన పకపకా నవ్వాడు. అలా అని ఉంటే మా నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయేవాడన్నాడు. నవ్వు ఆగాక మొదటి కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, మరి మీరు గుడ్డు లేకుండా బతకడం లేదా అని మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. ఈసారి నా దగ్గర జవాబుంది.

"నేను మానుకున్నాను. ఆ చోట పాలూ పెరుగూ నెయ్యీ పెట్టుకున్నాను. వాళ్ళ చేత మీరు మాన్పిస్తున్నారు. ఆ చోట పెట్టేది కడుపుబ్బరం. దానితో వాళ్ళు పైకెక్కాలి."

నా గొంతు కొంచెం పెరిగిందేమో, బయట నీళ్ళు పెడుతున్నతను తొంగి చూశాడు. ఇంకో లాబ్ దగ్గరికి వెళ్తే సంతకం దొరుకుతుంది దక్తూరా అన్నాడు యూసఫ్ నెమ్మదిగా. దొరుకుతుంది, వెళ్ళండి, కాని ఆ కాగితం మీద నా లైన్ పేరు వద్దు, గింజలు మీవి, ఆ నంబరు నేను పెట్టింది అన్నాను. ఉద్యోగం పోతే మా ఆయన జీతంతో సర్దుకోవచ్చు. నలభై ఏడు పోతే మళ్ళీ రాదు.

ఆయన రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. ఇంకో లాబ్‌కు వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో నాకు తెలియదు, నేనూ అడగలేదు. వాళ్ళమ్మ బాజిల్లా గురించి నేనన్న మాటే పనిచేసిందో, రేపు నిర్మాణ కంపెనీ వాళ్ళు రెండో పరీక్ష చేయిస్తే ఏమవుతుందన్న భయమే పనిచేసిందో. మంచిపనికి కారణం ఒక్కటే ఉండాలని లేదు.

గుడ్డు ఉండిపోయింది. గ్రీన్‌హౌస్‌లు చెప్పినట్టే దోసకాయల వాళ్ళకు వెళ్ళాయి. నాకు మాత్రం వెనకున్న మళ్ళూ, రేకుల షెడ్డూ వదిలాడు. నలభై ఏడు గింజలు సీసాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. దాన్ని ఇప్పుడు ఒక తెల్ల పొట్టు రకంతో కలుపుతున్నాను, మొండితనం ఉంచి నలుపు వదిలించడానికి. గ్రీన్‌హౌస్ లేదు గనక ఏడాదికి ఒక చలికాలం పంటే. ఇన్నేళ్ళు పడుతుందని చెప్పలేను. ఆ గ్రీన్‌హౌస్‌ల ముందు నుంచి నడిచేటప్పుడు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటుంది. ఇదివరకు కొత్త క్రాస్ మొదలుపెట్టే ముందు ఎంత దిగుబడి, ఎంత ప్రొటీన్ అని రాసుకునేదాన్ని. ఇప్పుడు ముందు రాసుకునేది, దీన్ని ఎవరు, ఏ పూట, ఏం పనికి వెళ్తూ తింటారు అని. దానికి యంత్రం లేదు. వెళ్ళి చూడాలి.

అందుకే ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ క్యాంపు వైపు వెళ్తుంటాను. సంతకం గొడవ అక్కడెవరికీ తెలియదు. గంగారాంకు కూడా నేను చెప్పలేదు. ఆ మధ్య ఒకసారి వెళ్తే రాజేశం జ్వరమొచ్చి ఆ రోజు పనికి పోక వంటశాల అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. పళ్ళెంలో గుడ్డుంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఎలా ఉంది భోజనం అని అడిగాను.

గుడ్డు పైకెత్తి చూపించాడు. "గీ గుడ్లే మేడం ఎప్పుడు జూడు. యాష్టకొచ్చింది. మీ మాట ఇంటడు గదా ఆ కఫీల్, జరంత చికెన్ వెట్టమని చెప్పరాదుండ్రి?"

ముందు నాకు ఒళ్ళు మండింది. ఈ గుడ్డు కోసం నేను ఏం పోగొట్టుకున్నానో వీడికేం తెలుసు అనుకున్నాను. కాని గుడ్డు పోయిందని బాధపడేవాడికి చికెన్ అడగాలని తోచదు. ఉంది కాబట్టే విసుక్కుంటున్నాడు. అతను ఆ గుడ్డు నోట్లో వేసుకుని, నా జవాబు కోసం చూస్తూ నమిలాడు. సరే, అడుగుతానన్నాను. ఆ సాయంత్రమే యూసఫ్‌కు ఫోన్ చేసి అడిగాను కూడా.